నీళ్ళ లెవెలు, నేల లెవెలు

సామర్లకోట,
జూన్ 9.

పల్లంరాజు మావయ్యకి,

నేను బాగానే ఉన్నాను. చిక్కిపోలేదు, మాడిపోలేదు. ముందే ఈ ముక్క ఎందుకు రాస్తున్నానంటే, పోయిన వారం నా గడ్డి మెషీను పక్కన నిలబడి ఆరు ఫోటోలు తీయించి, నీకు చూపించమని అత్త ఫోనుకి పంపాను. లోవలక్ష్మి అత్త మెషీనుని వదిలేసి నన్ను చూసి, "పిల్ల ఎండకి నల్లబడిపోయింది, మజ్జిగ తాగమను" అని జవాబు పెట్టింది. నీతో మాట్లాడదామంటే ఫోనులో నీకు వినపడదు. నలభై ఏళ్ళు బోటు ఇంజిన్ల పక్కన కూర్చుంటే చెవులేం మిగులుతాయి? పోనీ మెసేజీ పెడదామంటే గాజు మీద అక్షరాలు చదవనని ఒట్టు పెట్టుకున్నావు. అందుకని పోస్టాఫీసుకి వెళ్ళి కవర్లు అడిగాను. కౌంటర్లో ఆవిడ నన్ను పైనుంచి కిందకి చూసి, "ఎవరైనా పోయారాండీ?" అంది.

సంగతి చెప్తాను. నరసాపురంలో లేసు అల్లడం మానేసి ఈ ప్రసన్న గార్డెన్సులో చేరి తొమ్మిది నెలలైంది. పెళ్ళిళ్ళు చేసుకునే చోటు. హాలు చిన్నది, బయట గడ్డి పెద్దది, రెండెకరాలు. ఓనరు మల్లేశ్వరరావు గారు ఊళ్ళో కిరాణా హోల్‌సేలు వ్యాపారి. గడ్డి కొయ్యడానికి చిన్న ట్రాక్టరు కొన్నారు. పొలం ట్రాక్టరుకి ఆఖరి చెల్లెల్లా ఉంటుంది. దాని పొట్ట కింద బోర్లించిన ఇనప పళ్ళెం ఒకటి వేలాడుతుంది. దాన్ని డెక్కు అంటారు. అందులో రెండు బ్లేడ్లు తిరుగుతాయి. సీటు మీద కూర్చుని స్టీరింగు తిప్పుకుంటూ పోతే గడ్డి తివాచీలా తెగాలి.

తెగడం లేదు మావయ్యా. ఎడమ వైపు పొట్టిగా, కుడి వైపు పొడుగ్గా మెట్లు మెట్లుగా వస్తోంది. నేల మీద నిలబడితే అంతగా తెలియదు. పెళ్ళి వీడియోలు తీసే అశోక్ గారు డ్రోను ఎగరేసి పైనుంచి చూపించారు. మంగలి మధ్యలో లేచిపోయిన తలకాయలా ఉంది.

ఆగస్టు పదమూడున ఓనరు గారి అమ్మాయి పెళ్ళి ఇక్కడే. కూతురి పేరు పెట్టిన గార్డెన్సులో కూతురి పెళ్ళి. డ్రోను వీడియో చూశాక ఆయన ప్లాస్టిక్ గడ్డి పరిపించేస్తానంటున్నారు. దానికి నీళ్ళక్కర్లేదు, ఎరువక్కర్లేదు, నేను అసలే అక్కర్లేదు.

పన్నెండేళ్ళప్పుడు నీ షెడ్డులో ఇంజిను మొత్తం విప్పి మళ్ళీ బిగించాను, గుర్తుందా? నువ్వే నేర్పావు. దాన్ని బోటులో పెట్టి స్టార్టు చేస్తుంటే నేనూ ఎక్కబోయాను. "ఆడపిల్ల ఎక్కితే వల ఖాళీగా వస్తుంది, దిగు" అన్నావు. గట్టు మీద నిలబడి నా ఇంజిను వెళ్ళిపోతుంటే చూశాను. ఇప్పుడు ముప్పై ఆరేళ్ళు వచ్చాక కూర్చోడానికి ఒక సీటు దొరికింది. అది పోతే నాకు ఏడుపొస్తుంది, రాయడానికి సిగ్గేమీ లేదు.

మెషీనుతో వచ్చిన పుస్తకంలో డెక్కు సరిచేసే పేజీ జెరాక్సు తీసి పెడుతున్నాను. ఇంగ్లీషు. నాకు సగం అర్థమైంది. నువ్వే చెప్పాలి.

వీరదుర్గ


నరసాపురం,
జూన్ 14.

వీరదుర్గా,

ఆశీర్వాదాలు చివర్లో ఇస్తాను. ముందు తిట్లు.

మూడు పేజీలు రాశావు. మంగలి గురించి రాశావు, మజ్జిగ గురించి రాశావు. మెషీను చెడిపోయే ముందు ఏం జరిగిందో మాత్రం రాయలేదు. ఇనుము తనంతట తాను వంకర పోదు. నువ్వు దేన్నో గుద్దావు. దేన్ని గుద్దావో వచ్చే ఉత్తరంలో రాయి. నేనేమీ మీ ఓనరుకి చెప్పను, ఆయన అరిచినా నాకు వినపడదు.

నాకు అసలు తీరిక లేదు. షెడ్డులో నాలుగు ఇంజిన్లు విప్పి ఉన్నాయి. ఒకదాని నట్లు ఇంకోదాంట్లో కలవకుండా చూసుకునేసరికే పొద్దు గూకిపోతోంది. అయినా నీ కోసం ఒక పూట పని ఆపి రాస్తున్నాను.

ముందు ప్లగ్గు వైరు పీకెయ్యి. బ్లేడు దగ్గర చెయ్యి పెట్టేటప్పుడు ఇంజినుకి ప్రాణం ఉండకూడదు. చేతికి గోనెపట్టా చుట్టుకుని బ్లేడు తిప్పు. కొస వంగి ఉంటే మార్చెయ్యి, కొట్టి సాపు చెయ్యకు. తర్వాత నాలుగు టైర్లలో గాలి చూడు. ఒక కాలు కుంటితే నడుం వంకరే కదా. ఆ తర్వాతే డెక్కు జోలికి వెళ్ళు. రెండు పక్కలా వేలాడదీసిన కడ్డీలుంటాయి, వాటికి నట్లుంటాయి. నట్టు తిప్పితే ఆ పక్క లేస్తుంది, వెనక్కి తిప్పితే దిగుతుంది. ఇందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు.

ఇంగ్లీషు కాయితాన్ని పక్కింటి టీచరు గారి చేత చదివించాను. బ్లేడు కొస నుంచి నేలకి ఎంతుందో రెండు పక్కలా కొలవమంటోంది. నేలట! నేల వేసినవాడు తాపీమేస్త్రీ. మధ్యాహ్నం భోజనం ముందు ఒకలాగ వేస్తాడు, భోజనం తర్వాత ఇంకోలాగ వేస్తాడు. వాణ్ణి నమ్ముకుని ఇంజినీర్లు పుస్తకాలు రాస్తున్నారు. నువ్వు తెల్ల ప్లాస్టిక్ పైపు రెండు బారలు కొని, నీళ్ళు నింపి, ఒక కొస డెక్కు ఎడమ అంచుకి, రెండో కొస కుడి అంచుకి కట్టు. రెండు పక్కలా అంచు నీటిమట్టానికి వచ్చేదాకా నట్లు తిప్పు. నలభై ఏళ్ళు బోటులో ఇంజిన్లు కూర్చోబెట్టింది అలాగే. నీళ్ళకి మించిన మేస్త్రీ లేడు.

ఇంకో సంగతి. డెక్కు ముందు భాగం కాస్త దిగి ఉండాలని ఆ కాయితంలో ఉందట. ముక్కు దించిన బోటు ఎక్కడైనా ముందుకి పోతుందా? ముందు కూడా సమానంగానే పెట్టు.

బోటు సంగతి ఇరవై నాలుగేళ్ళు మనసులో పెట్టుకున్నావా? ఆచారం నేను పెట్టానా ఏమిటి.

ఆశీర్వాదాలు.
మావయ్య


సామర్లకోట,
జూన్ 20.

మావయ్యా,

మేకుని గుద్దాను.

షామియానా వాళ్ళు పెళ్ళయ్యాక గుడ్డలు, కర్రలు, కుర్చీలు అన్నీ పట్టుకుపోతారు, గడ్డిలో దిగ్గొట్టిన ఇనప మేకులు మాత్రం మర్చిపోతారు. మే నెలాఖరులో ఒకటి ఎడమ పక్క తగిలింది. ఠంగుమన్న చప్పుడుకి మావిడి చెట్టు మీద కాకులన్నీ లేచాయి. ఓనరు గారు "ఏంటండీ ఆ చప్పుడు?" అంటే, "గుళ్ళో గంటండీ" అన్నాను. ఆయన అటు తిరిగి దణ్ణం పెట్టుకున్నారు. నీకు చెప్పకపోవడం తప్పే.

నువ్వు చెప్పినట్టే చేశాను. ఎడమ బ్లేడు కొస వంగింది, కొత్తది వేశాను. ఎడమ వెనక టైరులో గాలి సగమే ఉంది, కొట్టించాను. ఎడమ పక్క కడ్డీ నట్టు కూడా వదులైపోయింది. పైపు కొనడానికి హార్డ్‌వేరు షాపుకి వెళ్తే, "ఇల్లు కడుతున్నారాండీ?" అని అడిగాడు. గడ్డి కొయ్యడానికని చెప్తే పైపుని, నన్ను మార్చి మార్చి చూశాడు.

మెషీను ఉండే షెడ్డులోనే బండిని పెట్టి, పైపు కట్టి, బోర్లా పడుకుని, పొద్దున్న తొమ్మిదింటి నుంచి మధ్యాహ్నం రెండింటి దాకా నట్లు తిప్పాను. ఎడమ పక్క చాలా దించాల్సి వచ్చింది. అంత దించాలా అని ఒకసారి అనుమానం వచ్చింది గానీ, నీళ్ళు నువ్వన్నట్టు కచ్చితంగా చెప్తున్నాయి కదా అని దించేశాను. చివరికి రెండు కొసల్లోనూ నీళ్ళు అంచుకి తాకి నిలబడ్డాయి. ఎంత ముచ్చటేసిందో! లేసు పువ్వు పూర్తయ్యి ఆఖరి ముడి వేసినప్పుడు అలా ఉంటుంది.

ఆదివారం ఓనరు గారి ఎదురుగా కోసి చూపిస్తాను. ప్లాస్టిక్ గడ్డి అమ్మే అతను కూడా వస్తాడట. రానీ, వాడి మొహం చూడాలని ఉంది.

నీ వీరదుర్గ


సామర్లకోట,
జూన్ 23.

మావయ్యా,

వాడి మొహం చూశాను. నవ్వుతున్నాడు.

సీటు ఎక్కి, దర్జాగా బ్లేడు వేసి, మండపం ముందు నుంచి మొదలుపెట్టాను. వెనక్కి తిరిగి చూసుకోలేదు, చూసుకోవాల్సిన అవసరం లేదనుకున్నాను. ఓనరు గారు చేతులూపుతుంటే మెచ్చుకుంటున్నారనుకుని నేనూ చెయ్యి ఊపాను. ముప్పై గజాలు పోయాక మట్టి ఎగిరి నా మొహాన పడింది. దిగి చూస్తే ఎడమ వైపు గడ్డి లేదు. వేళ్ళతో సహా గీరేసింది. మూరెడు వెడల్పున ఎర్రమట్టి బాట వేశాను.

మా ఓనరు గారు కోపం వచ్చేకొద్దీ అండీలు పెంచుతారు. "వీరదుర్గ గారండీ, గడ్డి కొయ్యమన్నానండీ, పునాది తియ్యమన్లేదండీ" అన్నారు. ఆ ప్లాస్టిక్ వాడు సంచీలోంచి శాంపిలు ముక్క తీసి నా మట్టి బాట మీద పరిచాడు. సరిగ్గా సరిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

జూలై పదిహేను దాకా టైమిచ్చారు. అప్పటికి సరిగ్గా తెగకపోతే ప్లాస్టిక్‌కి ఆర్డరు పెట్టేస్తారు, మెషీను అమ్మేస్తారు.

నువ్వు చెప్పింది చెప్పినట్టు చేశాను. ఎక్కడ తప్పింది? వెంటనే రాయి.

వీరదుర్గ


నరసాపురం,
జూన్ 28.

వీరదుర్గా,

నీళ్ళు తప్పు చెప్పవు. నువ్వు తప్పు చూసుంటావు.

పైపులో గాలి బుడగ ఉండిపోయి ఉంటుంది. లేదా పడుకుని చూశానన్నావు, పడుకుని చూస్తే నిద్రే వస్తుంది గానీ మట్టం తెలుస్తుందా? కళ్ళు నీళ్ళకి సరిగ్గా ఎదురుగా ఉండాలి. మళ్ళీ మొదట్నుంచి చెయ్యి. ఈ రేవులో నేను కూర్చోబెట్టిన ఇంజిను ఒక్కటి కూడా వంకరగా తిరగలేదు. నిన్న మొన్న వచ్చిన గడ్డి కోసే పళ్ళెం నాకు పాఠం చెప్తుందా?

పని చాలా ఉంది. ఇంకో ఇంజిను వచ్చింది. ఐదయ్యాయి.

మావయ్య


సామర్లకోట,
జూలై 4.

మావయ్యా,

దొరికింది. నువ్వు చెప్పిందే తప్పు.

నిన్న షెడ్డు కడిగాను. బకెట్టుతో నీళ్ళు పోస్తే చీపురు ముట్టకుండానే నీళ్ళన్నీ కుడివైపు కాలవలోకి పరుగెత్తాయి. చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఈ షెడ్డు మెషీను కోసం కట్టింది కాదు. వంటవాళ్ళు గుండిగలు కడుక్కోడానికి కట్టింది. నీళ్ళు నిలవకుండా మేస్త్రీ కావాలనే గచ్చుని కుడికి వాలుగా వేశాడు. భోజనం ముందు వేశాడో తర్వాత వేశాడో గానీ చాలా బాగా వేశాడు.

ఆ వాలులో బండి నిలబడితే బండి కూడా కుడికి వాలింది. నీళ్ళు మాత్రం వాలవు కదా. నేను డెక్కుని నీళ్ళకి సమానం చేశాను. దాంతో చక్రాలకి వంకర అయింది. ఆ వాలు సరిచెయ్యడానికి ఎడమ పక్క బొటనవేలి వెడల్పు కిందకి దించాను. అదే బండి సాపుగా ఉన్న గడ్డి మీదకి వెళ్తే ఎడమ బ్లేడు భూమిలో దిగకుండా ఇంకేం చేస్తుంది?

మనం బోటు మనుషులం మావయ్యా. మనకి కింద నీళ్ళే ఉంటాయి కాబట్టి నీళ్ళకే కొలుస్తాం. ఈ మెషీను తేలదు. నాలుగు చక్రాల మీద నిలబడుతుంది. చక్రాలు ఏ నేల మీద ఉంటే ఆ నేలకి సమానంగా ఉండాలి, నేల వాలి ఉన్నా సరే. అందుకే పుస్తకంలో నేల నుంచి కొలవమన్నారు. ఆ ఇంజినీరు వెర్రివాడు కాదు.

బండిని పెళ్ళి మండపం ముందున్న గ్రానైటు రాళ్ళ మీదకి తెచ్చాను. బ్లేడ్లు అడ్డంగా తిప్పి, కొస నుంచి రాయికి స్కేలు పెట్టి కొలిచాను. రెండు పక్కల తేడా నా లేసు సూది మందం కూడా లేకుండా చేశాను. తర్వాత బ్లేడ్లు నిలువుగా తిప్పి, ముందు కొసని వెనక దానికంటే రెండు సూదుల మందం కిందకి దించాను. ముక్కు దించాను, అవును. ముందు కొస గడ్డిని కోస్తుంది, వెనక కొస కోసిన దాన్ని మళ్ళీ రాసుకోకుండా పోతుంది. ఇది బోటు కాదు.

గోడ వెనకాల ఎవరూ చూడని చోట పది గజాలు కోశాను. తివాచీ.

నువ్వు ఒక్కసారి "నాకు తెలియదమ్మా" అని రాసుంటే ఆ ముప్పై గజాలూ మిగిలేవి. నా ఉద్యోగంతో ఆడుకున్నావు. నువ్వు అసలు ఇలాంటి మెషీనుని ఎప్పుడైనా చూశావా?

వీరదుర్గ


సామర్లకోట,
జూలై 20.

మావయ్యా,

పదహారు రోజులైంది. ఒక్క ముక్క రాయలేదు. పోస్టాఫీసులో కౌంటరు ఆవిడ కూడా "ఏంటండీ, రాలేదాండీ?" అని అడుగుతోంది.

పదిహేనో తారీకున ఓనరు గారి ముందు సగం గడ్డి కోశాను. ఆయన చెప్పులు విడిచి గడ్డి మీద అటూ ఇటూ నడిచి, వంగి అరచేత్తో నిమిరి చూశారు. "పెళ్ళి దాకా ఇదే ఉంచుదాం. పెళ్ళయ్యాక చూద్దాం" అన్నారు. రెండే వాక్యాలు, అండీలు లేవు. మట్టి బాట మీద గడ్డి దుబ్బులు నాటించాను, వానలకి పచ్చబడుతోంది.

ఆ ఉత్తరంలో నోరు పారేసుకున్నాను. కోపంలో రాశాను. రాసింది అబద్ధం కాదు, రాసిన తీరు మాత్రం బాగాలేదు. కోపం ఉంటే తిట్టు, కానీ రాయి.

వీరదుర్గ


నరసాపురం,
జూలై 26.

చిట్టి తల్లి వీరదుర్గకి,

నేను మీ అత్తని. నాకు ఉత్తరాలు రాయడం రాదు, తప్పులుంటే సర్దుకో. మీ మావయ్య కటింగు షాపుకి వెళ్ళాడు, వచ్చేలోపు ముగించాలి.

షెడ్డులో ఇంజిన్లు లేవమ్మా. నాలుగూ లేవు, ఐదూ లేవు. పోయిన దసరా నుంచి ఒక్కటి రాలేదు. ఇప్పుడు బోట్ల వాళ్ళంతా కొత్త మోటార్లు పెట్టుకున్నారు, వాటికి కంపెనీ వాళ్ళే వచ్చి కంప్యూటరు తగిలించి చూసిపోతారు. ఈయన రోజూ పొద్దున్నే వెళ్ళి షెడ్డు తాళం తీసి, స్పానర్లు తుడిచి, మళ్ళీ తాళం వేసుకుని వస్తాడు. అడిగితే "పని ఎక్కువగా ఉంది" అంటాడు. నేనూ కాదనను, క్యారేజీ కట్టి పంపిస్తాను.

జూన్‌లో నీ మొదటి ఉత్తరం వచ్చాక మనిషి మారిపోయాడు. ఆ ఇంగ్లీషు కాయితం పట్టుకుని పక్కింటి టీచరు గారి బుర్ర రెండు రోజులు తిన్నాడు. పోస్టుమేన్ ఇంటికొచ్చేదాకా ఆగలేక రేవు దగ్గరకే ఎదురెళ్ళేవాడు.

తర్వాత నువ్వు తప్పని రాసిన ఉత్తరం వచ్చింది. అది చదివాడు. లేచి నా చెంబు పట్టుకెళ్ళి వరండాలో నీళ్ళు పోశాడు. వంటింట్లో పోశాడు. టీచరు గారి గుమ్మంలో పోశాడు, ఆవిడ ముగ్గు కొట్టుకుపోయింది. రేవులో టిక్కెట్లిచ్చే గది ముందు పోశాడు. నీళ్ళు ఎటు పోతున్నాయో చూడటం, తల ఊపుకోవడం. నేను నా వంటింట్లోనే జారి పడ్డాను, నడుం పట్టేసింది. ఆఖరికి తన షెడ్డులో కూడా పోసుకున్నాడు. అదీ ఏటివైపు వాలే ఉందట. ఆ రోజు అన్నం తినలేదు.

నీ మీద కోపం కాదమ్మా. ఎవరూ ఇంజిను తేనప్పుడు నీ ఉత్తరమొక్కటే వచ్చేది. అది కూడా ఇక రాదనుకుంటున్నాడు.

నేను రాశానని చెప్పకు. ఎండలో తిరిగేటప్పుడు తల మీద గుడ్డ వేసుకో.

అత్త


సామర్లకోట,
ఆగస్టు 16.

మావయ్యా,

పెళ్ళి అయిపోయింది. ముందు రోజు సాయంత్రం వాన తెరిపిచ్చాక రెండెకరాలూ కోశాను. పొద్దున్న అశోక్ గారు డ్రోను ఎగరేశారు. ఓనరు గారు జీలకర్రా బెల్లం పెట్టించుకుంటున్న పెళ్ళికొడుకుని కూడా వదిలేసి వచ్చి ఆ తెర మీదకి వంగారు. చారలు చారలుగా, ఒక పచ్చ ఒక లేత పచ్చ, చీర అంచులా వచ్చింది. "మన గార్డెన్సేనాండీ ఇది?" అని అశోక్ గారిని మూడుసార్లు అడిగారు. తర్వాత నా దగ్గరకొచ్చి, "మెషీను తాళం ఇక నీ దగ్గరే ఉంచుకోమ్మా" అన్నారు. ప్లాస్టిక్ వాడు పెళ్ళికి వచ్చాడు, భోంచేసి వెళ్ళిపోయాడు. ఆ సీటు నాదే మావయ్యా. మండపం వెనక్కి వెళ్ళి బాగా ఏడ్చి, మొహం కడుక్కుని, వెళ్ళి గులాబ్‌జామ్ తిన్నాను.

అయితే ఇప్పుడు కొత్త చిక్కొచ్చింది. డెక్కు బెల్టు ఉండుండి జారిపోతోంది. మూడుసార్లు ఎక్కించాను, మూడుసార్లూ జారింది. పుస్తకంలో ఎంత వెతికినా లేదు. ఇక్కడ మెకానిక్కులకి చూపిస్తే చేతులెత్తేశారు. నువ్వు వచ్చి చూస్తే తప్ప లాభం లేదు. ఐదు ఇంజిన్లు పక్కన పెట్టి రెండు రోజులు రాగలవా?

వీరదుర్గ


నరసాపురం,
ఆగస్టు 21.

వీరదుర్గకి,

నీ అబద్ధం అందింది.

బెల్టు మూడుసార్లు జారిందన్నావు. జారే బెల్టు కాలుతుంది, కంపు కొడుతుంది, అంచు పీచులు లేస్తుంది. ఇవేవీ నీ ఉత్తరంలో లేవు. ఇంజిను గురించి అబద్ధం ఆడాలంటే ఇంజిను ఇంకా బాగా తెలియాలి. పైగా బెల్టు జారే మెషీనుతో అంత నున్నగా ఎవరు కోస్తారు? మీ అత్త ఫోనులో ఫోటోలు చూశాను. అవును, గాజు మీదే చూశాను. ఒట్టు తీసి గట్టున పెట్టాను. కళ్ళద్దాలు పెట్టుకుని వేళ్ళతో పెద్దది చేసి చూశాను. ఒక్క మెట్టు లేదు.

మీ అత్త నీకు రాసిందని కూడా తెలుసు. కవర్లు నాలుగు ఉండాలి, మూడున్నాయి. కటింగు షాపు నుంచి వచ్చేసరికి ఆవిడ వేళ్ళకి సిరా ఉంది. పదేళ్ళ నుంచి ఆవిడ చేతికి పసుపు తప్ప ఏమీ అంటలేదు. నడుం నొప్పి మాత్రం తగ్గింది, నన్ను తిట్టడానికి ఓపిక వచ్చింది.

నేను తప్పు చెప్పాను. ఇది రాయడానికి ఇన్నాళ్ళు పట్టింది. అలాంటి మెషీనుని నేను ఎప్పుడూ చూడలేదు. చూడలేదని రాస్తే ఇంక నువ్వు అడగవేమో అనుకున్నాను. అందుకని తెలిసినట్టు రాసేశాను. నీ సీటు పోయుంటే నాకు ఈ జన్మలో నిద్ర పట్టేది కాదు.

ఇరవై తొమ్మిది, శుక్రవారం, నిడదవోలులో రైలు మారి వస్తున్నాను. మీ అత్త కూడా వస్తానంటోంది. మీ ఓనరు గారికి చెప్పి ఇద్దరికి భోజనం పెట్టించు. వచ్చేలోపు నిజంగానే బెల్టు ఊడదీసి ఉంచు. ఇంత దూరం వచ్చి చేతులు కట్టుకుని కూర్చోలేను. స్పానర్లు తెచ్చుకుంటున్నాను, అన్నీ తుడిచే ఉన్నాయి.

ఇంకో ముక్క అడగాలి. ఎలా అడగాలో తెలియక రెండు కాయితాలు చింపాను. నిన్ను ఆ రోజు బోటు ఎక్కనివ్వలేదు. వల గురించి అన్నాను. ఆ రోజు నువ్వు ఎక్కకపోయినా వల ఖాళీగానే వచ్చింది. ఆ సంగతి నీకెప్పుడూ చెప్పలేదు.

అలాంటి వాణ్ణి నీ మెషీను మీద ఒక్క రౌండు కూర్చోనిస్తావా? నీకిష్టం లేకపోతే గట్టు మీద నిలబడి చూస్తాను.

మావయ్య


సామర్లకోట,
ఆగస్టు 25.

మావయ్యా,

బెల్టు ఊడదీశాను. ఎంత ప్రయత్నించినా ఊడి రాలేదు, అంత గట్టిగా ఉంది. చివరికి లాగి పీకాను.

భోజనాలు ఇద్దరికి చెప్పాను. అత్తకి విడిగా మజ్జిగ కూడా.

వచ్చి కూర్చో. ఒక్క రౌండు కాదు, మొత్తం రెండెకరాలూ నువ్వే కొయ్యి. నేను గట్టున నిలబడి చూస్తాను, నాకు అలవాటే. కానీ చెప్పులు విప్పి ఎక్కు. మీ బోటుకే కాదు, నా బోటుకీ ఆచారాలున్నాయి.

వీరదుర్గ